పిచిక పట్టుకున్న వంతెన

మొన్న తగరపువలసలో పనుండి సిటీ బస్సెక్కాను. కూర్చోడానికి చోటు లేదు సరే, నిలబడ్డానికి కూడా ఎవరో ఒకరి కాలు అరువడగాల్సిన రద్దీ. దార్లో ఒక స్టాపు దగ్గర జనం తోసుకుంటూ ఎక్కారు. అందరికంటే వెనక ఒక ముసలాయన, చేతిలో కూరల సంచి. డ్రైవరు అప్పటికే గేరు మార్చేస్తున్నాడు. కండక్టరమ్మ తొణకలేదు. ముసలాయన రెండో కాలు కూడా పైకి పెట్టి, కమ్మీ పట్టుకున్నాక, అప్పుడు బస్సు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. బస్సు కదిలింది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనున్నాయన నన్ను అనుమానంగా చూసి, తన జేబు తడుముకుని, కాస్త ఎడంగా జరిగాడు. జరిగితే జరిగాడు. ఆ రెండు దెబ్బల్నీ నేను చాలా ఆదివారాలు విన్నాను. బస్సులో కాదు, బల్ల మీద.

ఆవిడ పేరు రాయను. మాలో ఎవరమూ పేరు పెట్టి పిలిచింది లేదు, ఇప్పుడు కొత్తగా రాస్తే ఎవరో పరాయి మనిషి గురించి చెప్తున్నట్టుంటుంది. నా స్నేహితుడు ఎలీషాకి మేనత్త. వాడికి అత్త కాబట్టి నాకూ అత్తే. సిటీ బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరైంది. మనిషి పొట్టి, గొంతు మాత్రం మనిషికి రెండింతలు. పాత గాజువాకలో పిలిస్తే కొత్త గాజువాకలో ఆటో ఆగుతుందని ఎలీషా అనేవాడు. చర్చిలో ఆవిడ పాట ఎత్తుకుంటే మైకు దండగ.

ముందు మా ఆట సంగతి చెప్పాలి, లేకపోతే ఆవిడ సంగతి అర్థం కాదు. ఆదివారం మధ్యాహ్నాలు గాజువాకలో ఎలీషా వాళ్ళ మేడ మీద గదిలో చేరేవాళ్ళం. పేకాట కాదు. బల్ల చుట్టూ కూర్చుని ఒక కథని ఆడతాం. ఒకడు కథ నడుపుతాడు, అది నా పని. మిగతావాళ్ళకి తలా ఒక పాత్ర. "మీ ముందొక కోట ఉంది, గోడ మీద కాపలావాళ్ళున్నారు" అని నేనంటే, తమ పాత్రలు ఏం చేస్తాయో వాళ్ళు చెప్తారు. అది నెరవేరుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. రాజులు, రాక్షసులు, మంత్రాలు, అన్నీ మాటల్లోనే. కత్తులు దూసుకుంటే, ఆటలో ఒక్క నిమిషం గడవడానికి మాకు రెండు మూడు ఆదివారాలు పట్టేది. పోర్టు దగ్గర క్లియరింగ్ ఆఫీసులో వారమంతా కంటెయినర్ల వెంట తిరిగే నాకు, ఆ ఒక్క పూటా లోకాలు సృష్టించే ఉద్యోగం.

ఎలీషాది స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, ఆటలో యోధుడి పాత్ర. తలుపు కనిపిస్తే తన్నడం, మనిషి కనిపిస్తే పొడవడం. ఇంకో మనిషి రత్నం. పూర్తి పేరు నూకరత్నం, వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకెళ్తాడు, తను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. ఆటలో దొంగ పాత్ర, నిజంలో ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే తన మాట తనే మింగేసే పిల్ల.

ఒక ఆదివారం ఎలీషా పాత్ర చచ్చిపోయింది. వాడు కుర్చీ ఎక్కి నాతో తగూలాడుతున్నాడు. అప్పుడే చర్చి నుంచి వస్తూ వాడికి చేపల కూర ఇచ్చిపోదామని అత్త మేడెక్కింది. గుమ్మంలో, ఫుట్‌బోర్డు మీద నిలబడ్డట్టే ఒక చెయ్యి పైకెత్తి చట్రం పట్టుకుని నిలబడి, మా ముగ్గుర్నీ చూసింది.

"ఎవులు సచ్చిపోయేరు?"

"నానే అత్తా," అన్నాడు ఎలీషా.

"సచ్చినోడివి అంతలా అరుత్తన్నావేట్రా? ఏదీ, లోన కాళీ ఉన్నాదా?" అంటూ వచ్చి కూర్చుంది. ఆ కుర్చీ మళ్ళీ ఆవిడ బతికుండగా ఖాళీ అయింది కొద్ది ఆదివారాలే.

మా దగ్గర మిగిలున్న పాత్ర డ్రూయిడ్ ఒక్కటే. డ్రూయిడ్ అంటే అడవి మంత్రగత్తె. వేర్లనీ తీగల్నీ లేపుతుంది, జంతువులతో మాట్లాడుతుంది, తనే జంతువుగా మారుతుంది. అంతకుముందు ఎలీషా ఒకసారి ఆ పాత్ర తీసుకుని, వెంటనే ఎలుగుబంటిగా మారి, శత్రువుల మధ్యకి ఉరికి, చచ్చి, "ఇది పనికిమాలింది బావా" అని తీర్పు చెప్పేశాడు. అప్పట్నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇదంతా అత్తకి వివరించాను.

"సెట్లకి మొక్కాలేటి?" అంది అనుమానంగా.

"మొక్కక్కర్లేదత్తా. మాటాడితే చాలు."

"మాటాడ్డమే కదా. మా మందారంతో రోజూ మాటాడతన్నాను. పాస్టరుగారు ఇంతవరకూ ఏటీ అన్లేదు," అని పాచిక చేతిలోకి తీసుకుంది.

నేను నా మొదటి రాక్షసుణ్ణి దింపాను. వాడి కోరలు, వాడి గద, వాడు వేసే అడుగుకి కొండ అదరడం, చాలా గొప్పగా చెప్పాననే అనుకున్నాను. చచ్చినవాడి తమ్ముడిగా మళ్ళీ దిగిన ఎలీషా కత్తి దూశాడు. అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"గాలెటు ఉన్నాది?"

"గాలేంటత్తా? ఎదురుగా రాక్షసుడున్నాడు."

"ఉండనీ. ఆడెక్కడికెల్తాడు? గాలెటో సెప్పు. ఇక్కడ ఏటి మొలుత్తాది? ఏటి తిరుగుతాది?"

నాకు తెలియదు. నేను రాక్షసుణ్ణి తయారుచేసుకున్నాను గాని వాడు నిలబడ్డ చోటుని తయారుచేసుకోలేదు. అప్పటికప్పుడు ఏవో తుప్పలన్నాను, ఎలుకలన్నాను. ఆ తుప్పలు వాడి కాళ్ళకి చుట్టుకున్నాయి. ఎలుకలు వాడి గుహకి వెనకదారి చూపించాయి. సాయంత్రం మురీ మిక్చర్ పొట్లాలు వచ్చేసరికి నా రాక్షసుడు బోర్లా పడున్నాడు. "బస్సెక్కీగానే టికెట్లు కొట్టీకూడదు బాబూ," అంది నాతో, ఓదారుస్తున్నట్టుగా. "ముందు బస్సంతా ఓపాలి సూసుకోవాల."

కసి కొద్దీ నేను ఒక ఓడరేవు తయారుచేశాను. సముద్రపు దొంగల నాయకుడు, వాడి గిడ్డంగి, ఇనుప తలుపులు, తాళాలు, కాపలా, కాపలాకి మళ్ళీ కాపలా. వారాలు పట్టింది. ఈసారి గాలి కూడా రాసుకుని వచ్చాను, కెరటాల ఎత్తు కూడా. అత్త అన్నీ శ్రద్ధగా విని అడిగింది.

"ఇది సేపల రేవేనా?"

"అవును."

"మరి పిల్లులేవి?"

నేను పెట్టలేదు. విశాఖపట్నంలో పుట్టి, పోర్టులో ఉద్యోగం చేస్తూ, ఫిషింగ్ హార్బర్ మీదుగా రోజూ వెళ్ళే మనిషిని, పిల్లులు లేని చేపల రేవుని కట్టాను. అప్పటిదాకా నోరు విప్పని రత్నం ఫక్కున నవ్వింది. "పిల్లుల్లేని జెట్టీ ఉంటాదేటన్నా?" సరే, ఉన్నాయన్నాను. ఎన్నున్నాయని అత్త అడగలేదు, ఆవిడకి ఒక్కటి చాలు. దానికి చేప తల ఇచ్చి కబుర్లాడింది. గిడ్డంగిలోకి పిల్లి ఏ కంత గుండా పోతుందో ఆ కంత పక్కనే ఇటుకలు వదులుగా ఉన్నాయి. నేను కట్టిన ఇనుప తలుపుల్లో ఒక్కదాన్నీ ఎవరూ ముట్టుకోలేదు. ఇంటికి పోయి రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు నేను.

ఎలీషాకి ఆవిడతో ఎప్పుడూ ఒకటే గొడవ. "అత్తా, ఎలుగుబంటవ్వు! పులవ్వు!" అని బతిమాలేవాడు. ఆవిడ పిచికయ్యేది, ఎలకయ్యేది, గోడమీద బల్లి అయ్యేది. "ఎలుగుబంటిని ఊరంతా సూత్తాది. పిచికని ఎవుడు సూత్తాడ్రా?" అనేది. పెద్ద జంతువుగా మారడం నేను చూసింది ఒక్కసారే. రాజుగారి గుర్రపు దండు మమ్మల్ని ఇరుకు సందులో తరుముకొస్తోంది. ఎలీషా కుర్చీలోంచి లేచి "ఇప్పుడు! ఇప్పుడు అవ్వత్తా!" అన్నాడు. అత్త ఆవుగా మారి సందుకి అడ్డంగా పడుకుంది. అంతే, ఇంకేం చేయలేదు. గుర్రాలు ఆగాయి, దండనాయకుడు అరిచాడు, సైనికులు తోక మెలిపెట్టారు. "గాజువాక జంక్షన్ల పడుకున్న ఆవుని లేపినోణ్ణి సూసేవా ఎప్పుడైనా?" అని నన్నే అడిగింది. చూడలేదు. దండు ఆగిపోయిందని ఒప్పుకున్నాను.

ఇక్కడ ఒక సూత్రం చెప్పాలి. డ్రూయిడ్ వేసే గట్టి మంత్రాలు పట్టుకుని ఉండాల్సినవి. ఒకసారికి ఒకటే. రెండోది వేస్తే మొదటిది జారిపోతుంది. దెబ్బ తగిలితే పట్టు నిలిచిందో లేదో పాచిక వేసి చూడాలి. వద్దనుకుంటే తనంతట తను ఎప్పుడైనా వదిలేయొచ్చు. జంతువుగా మారాక మాట్లాడకూడదు, కొత్త మంత్రం వేయకూడదు, ముందు పట్టుకున్నది మాత్రం పట్టుకునే ఉండొచ్చు. మంత్రం వేసి, చటుక్కున పిచికగా మారి ఏ చూరులోనో దూరడం అత్త పద్ధతి. మంత్రం పట్టుకున్న మనిషెవరో తెలిస్తే కదా శత్రువు కొట్టేది! "ఒక సెయ్యి కమ్మీ మీదుండాల. ఆ సెయ్యి ఒగ్గీకూడదు. రెండో సేత్తో ఎన్ని పనులైనా సేసుకో," అనేది. మా వైపు ఒగ్గడమంటే వదిలేయడం. ఆ మాట ఆవిడ నోట తిట్టులా వినిపించేది.

మంత్రం వేసేటప్పుడు "వేశాను" అని ఊరుకునేది కాదు. వేర్లని ప్రయాణికుల్లా అదిలించేది. "లెగండి, లెగండి. లోనకి జరగండి. అదిగో ఆ సివర కాళీ ఉన్నాది, పట్టుకోండి." కింద వాటాలోవాళ్ళు మొదట్లో మెట్లెక్కి వచ్చి ఎవరొచ్చారని అడిగేవాళ్ళు.

వైద్యం మంత్రాలు కూడా ఉండేవి ఆవిడ దగ్గర. ఎలీషాకి గీత పడితే చాలు, "అత్తా, మందెయ్యి" అని మొదలెట్టేవాడు. వేసేది కాదు. వాడు నిజంగా కూలబడిపోతే మాత్రం వెంటనే ఒక చిన్న మంత్రంతో లేపి నిలబెట్టేది. "పడ్డాక లేపాల. పడకముందే ఏడుపేటి?" అన్నది ఆవిడ వైద్యశాస్త్రం. నిజమే, ఆ పద్ధతి వల్ల ఆవిడ మంత్రాలు ఎప్పుడూ చివరిదాకా మిగిలేవి.

నా పాచికలు ఎవరికీ కనబడకుండా నేను ఎదురుగా ఒక అట్టముక్క నిలబెట్టుకునేవాణ్ణి. కథ నడిపేవాళ్ళు అలా పెట్టుకోవడం రివాజు. కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం అత్త దాన్ని లాక్కుని విసురుకుంది. కరెంటు వచ్చాక తిరిగివ్వమన్నాను. "దేనికి? పాసిక అందరి ముందూ ఎయ్యి. నాను సత్తే సత్తాను, దాపరికమెందుకు?" అంది. ఆ అట్ట తర్వాత విసనకర్రగానే ఉద్యోగం చేసింది.

ఇన్ని చెప్పి అసలుది చెప్పకపోతే తప్పు. ఆవిడ వచ్చాక మా బల్లకి ఒక ఆచారం ఏర్పడింది. ముగ్గురూ ఏం చేయాలో మాట్లాడుకుంటారు కదా, ఆ మాటలు అయ్యాయని ఎవరనాలి? అంతకుముందు ఎలీషా "పద బావా" అంటే అయినట్టే. ఒకసారి వాడలా అనబోతుంటే రత్నం పెదవి కదిపి, ఆగిపోయింది. అత్త చూసింది.

"ఆగ్రా. ఒక కాలు ఇంకా కిందే ఉన్నాది. సెప్పమ్మా."

"ఏటీ లేదత్తా," అంది రత్నం.

"ఏటీ లేకపోతే నోరెందుకు తెరిసేవు? సెప్పు. నువ్వెక్కితేనే బండి కదుల్తాది."

రత్నం చెప్పింది. నిచ్చెన ముందు కాకుండా వెనక నుంచి వేద్దామనో ఏదో, చిన్న మాటే. దానివల్లే ఆ రోజు బతికారు. అప్పుడు అత్త మా అందరి మొహాలూ ఒకసారి చూసి, "అందరూ ఎక్కేరా?" అని అడిగింది. కథ నడిపేవాడికి ఎక్కడం దిగడం ఏముంటుంది? అయినా నన్ను కూడా అడిగింది. "ఎక్కేను" అన్నాను. వేళ్ళు మడిచి, కణుపులతో బల్ల మీద రెండు దెబ్బలు కొట్టింది. అప్పట్నుంచి ఆ రెండు దెబ్బలు పడితేగాని మా బల్ల మీద ఏదీ జరిగేది కాదు. కొన్నాళ్ళకి రత్నం ఎలీషా మాటకి అడ్డు తగలడం కూడా నేర్చుకుంది. వాడికది నచ్చలేదు, మాకు నచ్చింది.

చర్చిలో పాట ఎత్తుకోవడం ఆవిడ మానేసింది ఎప్పుడో నాకు సరిగ్గా తెలియదు. గొంతు బొంగురుపోతే జలుబంది. జలుబు కాదు. ఆస్పత్రిలో చూపించుకున్నాక మాకు బల్ల దగ్గరే చెప్పింది, టీ గ్లాసు దించకుండా.

"గొంతు తీసేత్తారంట. పేనం ఉంటాదంట."

ఎలీషా అప్పటికే కళ్ళు తుడుచుకుంటున్నాడు. అత్త వాణ్ణి చూసి, "పడకముందే ఏడుపేట్రా?" అని, నావైపు తిరిగి, "ఊఁ, ఎక్కడున్నాం?" అంది.

ఒక ఏటి గట్టున ఉన్నాం. వెనక నుంచి సైన్యం వస్తోంది. కాలిపోయిన ఊళ్ళోంచి పిల్లాపాపల్తో బయటపడ్డ జనాన్ని అవతలి గట్టుకి చేర్చాలి. వంతెన ఉంది గాని నడుమ విరిగిపోయింది. ఎప్పట్లాగే ఆవిడ గాలి అడిగింది, గట్టున ఏం చెట్లున్నాయని అడిగింది. రెండు గట్ల మీదా పాత మర్రి ఊడల్లాంటి వేర్లున్నాయన్నాను.

"ఆ ఏర్లతో ఒంతెన కట్టీసి పట్టుకుంటాను. మనోళ్ళు దాటతారు. ఆళ్ళు ఎక్కుతారు. అప్పుడు ఒగ్గీత్తాను."

ఇంత తేలిగ్గా! నేను సైన్యాన్ని ఏం చేయాలా అని వారం రోజులు తల పట్టుకున్నాను.

మంత్రం వేసింది. బొంగురు గొంతుతో, ఉన్నదంతా పెట్టి. "లెగండి. లెగండర్రా. జరగండి. పట్టుకోండి." చివరి మాట దగ్గర గొంతు చీలింది. దగ్గు ఆగాక మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది, పూర్తిగా. మీదపడి మేమెవరం సాయం చేయలేదు. చేసి ఉంటే తిట్టేది. ఆ గొంతుతో మేం విన్న చివరి మాటలు మాత్రం ఇవి: "పిచికైపోయాను. ఒంతెన కాడ స్తంభం మీద కూకున్నాను. మిగిలింది నాను వచ్చాక."

ఆ తర్వాత కొన్ని ఆదివారాలు ఆడలేదు. ఆవిడ ఆస్పత్రిలో ఉంది. ఇంకొన్నాళ్ళకి, ఇక రాదనే అనుకుంటుండగా, మెట్ల మీద చప్పుడైంది. మెడకి తెల్లటి గుడ్డ చుట్టుకుని గుమ్మంలో చెయ్యెత్తి చట్రం పట్టుకుని నిలబడింది. ఎలీషాకి ఎటు చూడాలో తోచలేదు. నేనేదో మర్యాదగా మాట్లాడబోయాను, "అత్తా, మీరు రావడమే మాకు..." అంటూ. ఆవిడ బల్ల మీద అరచెయ్యి వేసి నన్ను ఆపింది. కూర్చుంది. రెండు చేతులూ భుజాల దగ్గర పెట్టుకుని వేళ్ళు చిన్నగా ఆడించింది.

నాకర్థం కాలేదు. "ఏంటత్తా? నొప్పా?"

"కాదన్నా," అంది రత్నం. "అత్త ఇంకా పిచికే కదా. పిచికకి మాటలేటి?"

అత్త రత్నం వైపు వేలు చూపించింది, సీటు చూపించినట్టు. ముందు ఎలీషా నవ్వాడు. తర్వాత అందరం. ఆవిడ నవ్వుకి చప్పుడు లేదు, భుజాలు ఎగిరాయి. ఆట సూత్రాల ప్రకారం ఆ బల్ల దగ్గర మాట్లాడకూడని మనిషి ఆవిడ ఒక్కతే, పట్టు వదలకుండా ఉండగలిగిందీ ఆవిడ ఒక్కతే. జాలితో ఇచ్చిన కుర్చీ కాదది. ఆపరేషనుకి ముందే అన్నీ ఆలోచించి పిచికయింది, గడుసు మనిషి. నాకు అప్పుడు అర్థమై ఆవిడ మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

ఆ రోజు వంతెన మీదికి సగం జనాన్ని ఎక్కించాం. సైన్యం ఇవతలి గట్టుకి చేరింది. గురి తప్పిన రాయొకటి స్తంభానికి తగిలింది. పట్టు నిలుస్తుందా అని ఆవిడే పాచిక వేసింది, నిలిచింది. సాయంత్రమైంది. రెండు దెబ్బలు కొట్టి, కమ్మీ పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగింది.

తర్వాతి ఆదివారం మేం చర్చిలో ఆవిడ శవపెట్టె ముందు నిలబడ్డాం. గాయకులందరూ ఉన్నారు, పాట బాగా పాడారు. ఎత్తుకోవాల్సిన మనిషే లేదు.

చాలా వారాలు మేడ మీద గది తలుపు తీయలేదు. "అత్త లేకుండా ఆటేటి బావా. ఒగ్గీ," అన్నాడు ఎలీషా. నాకూ అదే సబబనిపించింది. కనీసం ముగింపు చెప్పేసి పుస్తకం మూసేద్దామని ఒకటి ఆలోచించుకున్నాను. వరదొచ్చి సైన్యాన్ని కొట్టుకుపోతుంది, పిచిక అడవికి ఎగిరిపోతుంది, అందరూ సుఖం. ఒకరోజు సాయంత్రం ఇద్దర్నీ టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి చెప్పాను.

"వొద్దు," అంది రత్నం.

అంత గట్టిగా ఆ పిల్ల అనడం నేనెప్పుడూ వినలేదు. టీ కొట్టువాడు కూడా తలెత్తి చూశాడు.

"అత్త పట్టుకునే ఉన్నాదన్నా. మనం నడి ఒంతెన మీద ఉన్నాం. పట్టుకున్నోళ్ళని అలాగే ఒగ్గీసి ఎల్లిపోతామేటి? వరదలూ గిరదలూ వొద్దు. అత్త ఎలా ఆడతాదో అలా ఆడదాం. పోతే పోతాం."

ఎలీషా గ్లాసు కింద పెట్టాడు. "ఆదివారం నాకు ఆఫే," అన్నాడు.

ఆ ఆదివారం వాడు అత్త తోలుసంచి తీసుకొచ్చాడు, డ్యూటీలో భుజాన వేసుకునే పాత కండక్టరు సంచి. రిటైరయ్యాక అందులో పాచికలు పెట్టుకునేది. దాన్ని ఆవిడ కుర్చీలో పెట్టాం. కిటికీ గూట్లో ఎర్రదుమ్ము పేరుకుంది, రత్నం తుడిచింది. అట్టముక్క నా చేతికందే దూరంలోనే ఉంది. ముట్టుకోలేదు.

సైన్యం బాణాలు వేసింది. వాళ్ళకి పిచిక సంగతి తెలియదు, ఎలీషా యోధుణ్ణి కొట్టబోయారు. నేను వేసిన పాచిక అందరి ముందే పడింది. గురి తప్పింది, బాణం స్తంభాన్ని చీల్చింది. అంటే దాని మీద కూర్చున్న పిచికకి దెబ్బ. పట్టు నిలుస్తుందో లేదో చూడాలి. పదికి తగ్గితే వేర్లు వదిలేస్తాయి, అప్పుడు వంతెన మీద రత్నం వెంట నడుస్తున్న పిల్లలు, వంతెన మొదట్లో ఎలీషా, అందరూ ఏట్లోకే. ఉత్తి మాటల్లోని ఏరే. అయినా అత్త పట్టు అత్త లేనప్పుడు జారిపోతే, అది మా నోటితో మేమే చెప్పాల్సొస్తే, ఆ తర్వాత ఆ గదిలోకి ఏ మొహం పెట్టుకుని వస్తాం?

ఎలీషా సంచిలోంచి ఆవిడ పాచిక తీసి, గుప్పిట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఏదో అనుకుని వేశాడు. అది బల్ల అంచుదాకా దొర్లి ఆగింది.

పదకొండు.

"సూసేవా! ఒగ్గలేదు!" అని అరిచాడు వాడు. కింద వాటా తలుపు తెరుచుకున్న చప్పుడైంది, చాలా నెలల తర్వాత.

పిల్లల్ని రత్నం అవతలి గట్టుకి చేర్చింది. ఇక ఎలీషా వంతు. ఎప్పుడూ అందరికంటే ముందు ఉరికేవాడు, ఆ రోజు వంతెన మొదట్లోనే ఆగాడు. "బావా, ఈ గట్టున ఇంకెవులైనా ఉండిపోయేరేటి?" అని అడిగాడు. వాడు నన్ను ఒక ప్రశ్న అడిగి, జవాబుకోసం ఆగడం అదే మొదలు.

"ఒక ముసలాయన ఉన్నాడు," అన్నాను.

వెనక్కి వెళ్ళి తీసుకొచ్చాడు. భుజం పట్టి నడిపించాడు. వెనకే సైన్యం వంతెనెక్కింది, గుర్రాలతో సహా. ముసలాయన అవతలి గట్టు మీద ఒక కాలు పెట్టాడు, రెండో కాలు పెట్టాడు. ఎలీషా దిగాడు.

"ఇప్పుడు ఒగ్గాల," అన్నాడు వాడు నెమ్మదిగా. "పట్టుకున్నది అత్త కదా. ఎవులు ఒగ్గుతారు?"

నేను చెప్పగలను, కథ నాది. కాని ఆ మంత్రం నాది కాదు. రత్నం లేచి, ఆవిడ కుర్చీ వెనకాల నిలబడింది. మా ఇద్దరి మొహాలూ చూసింది.

"అందరూ ఎక్కేరా?"

"ఎక్కేం," అన్నాడు ఎలీషా.

రత్నం నావైపు తిరిగి ఆగింది. నేను చెప్పేదాకా ఊరుకునేలా లేదు.

"ఎక్కేను," అన్నాను.

ఆ పిల్ల వేళ్ళు మడిచి, బల్ల మీద రెండు దెబ్బలు కొట్టింది.

నేను వంతెన కూల్చేశాను.